మెల్‌బోర్న్ ట్రాములు ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తాయి?

ప్రశ్న:
హైదరాబాదు నుండి మెల్‌బోర్న్‌కు వచ్చి మూడు నెలలైంది. ఇల్లు బ్రన్స్‌విక్ ఈస్ట్‌లో, ఆఫీసు నగరం నడిబొడ్డున ఉండడంతో రోజూ 96వ నంబరు ట్రాములోనే వెళ్లివస్తున్నాను. బండి కొత్తది, పొడవైనది, ఏసీ కూడా ఉంది. నడక మాత్రం సైకిలును మించడం లేదు. మన మెట్రోకు అలవాటుపడినందువల్ల నాకు ఇలా అనిపిస్తోందా? నగరం మధ్యలో ట్రాముకు చార్జీ లేని ఉచిత ప్రాంతంలో మైకీ కార్డు (ఇక్కడి ప్రయాణ చార్జీల కార్డు) యంత్రానికి తాకించాలో వద్దో కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
లోపం బండిది కాదండి, దారిది. మన మెట్రో వంతెన మీద ఎవరి అడ్డూ లేకుండా పోతుంది. ఇక్కడ సుమారు 250 కిలోమీటర్ల ట్రాము మార్గంలో దాదాపు నాలుగింట మూడు వంతులు కార్లతో కలిసి నడిచే రోడ్డే. ముందున్న కారు కదిలితేనే ట్రాము కదులుతుంది. మీరెక్కే 33 మీటర్ల ఈ-క్లాస్ బండి సత్తా చూడాలంటే ఒక ఆదివారం అదే 96లో సెయింట్ కిల్డా దాకా వెళ్లండి. బర్క్ స్ట్రీట్ మాల్‌లో పాదచారుల మధ్య పాకినంత పనిచేసిన ట్రామే, సౌత్ మెల్‌బోర్న్ దగ్గర పాత రైలుమార్గం ఎక్కగానే పరుగందుకుంటుంది. ఆ రైలుమార్గాన్ని 1987లో ట్రాముల కోసం మార్చారు.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. స్టాపులు మరీ దగ్గరదగ్గరగా ఉన్నాయి, వాటిలో చాలాచోట్ల ప్లాట్‌ఫారం లేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి అక్కడ లోఫ్లోర్ బండి వచ్చినా ఉపయోగం లేదు. కొన్ని స్టాపులు కలిపి, మిగిలినవాటికి ప్లాట్‌ఫారాలు కడితే రెండు సమస్యలూ తగ్గుతాయని నా అభిప్రాయం, అయితే తమ వీధి స్టాపును వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. ఇంత విసుక్కున్నా, సిడ్నీ 1961లో తన పాత ట్రాములను పూర్తిగా తీసేసి, 1997 నుండి కోట్లు పోసి మళ్లీ పట్టాలు వేసుకుంటున్న సంగతి మరువలేం.

సమాధానం 3:
కార్డు విషయం: ప్రయాణమంతా ఉచిత ప్రాంతంలోనే సాగితే తాకించవద్దు, తాకిస్తే అనవసరంగా చార్జీ పడుతుంది. మీ ఇల్లు ఆ ప్రాంతానికి బయట ఉంది కనుక రానూపోనూ తాకించవలసిందే. ముఖ్యంగా సాయంత్రం ఆఫీసు దగ్గర ఎక్కగానే తాకించండి, రద్దీలో తరువాత యంత్రం దాకా వెళ్లడం కష్టం.