పారిస్ గాజుకప్పు బజార్లు: పెద్దవాళ్లతో ఒక పూటలో నడిచి చూడగలమా?

కృష్ణలంక:
నమస్కారం. మేము జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలను నవంబరులో మూడు రోజులు పారిస్ తీసుకువెళ్తున్నాను. నాన్నగారు ముప్పై ఏళ్లు వన్ టౌన్‌లో బట్టల కొట్టు నడిపారు. ఏ ఊరు వెళ్లినా గుడి తర్వాత ఆయన అడిగేది బజారు ఎక్కడని. పారిస్‌లో గాజు పైకప్పు వేసిన రెండు వందల ఏళ్ల నాటి దుకాణాల సందులు ఉన్నాయని విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మకు మోకాళ్ల నొప్పి, గంటకోసారి కూర్చోవాలి.

వానచినుకు:
మేము నిరుడు గాలరీ వివియెన్ ఒక్కటే చూశాం. చాలా బాగుంది. అయితే ఆదివారం వెళ్లాం, చాలా కొట్లు మూసి ఉన్నాయి. మీరు పనిదినాల్లో వెళ్లండి.

యానాంరేవు:
ఇది నా ప్రాణానికి దగ్గరి విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పారిస్ వచ్చి పదమూడేళ్లయింది. వాన పడితే నా కాళ్లు వాటంతట అవే ఈ సందుల వైపు తిరుగుతాయి.

అన్నీ చూడాలని మాత్రం అనుకోకండి. ఒకప్పుడు నూటయాభై దాకా ఉండేవట, ఇప్పుడు ఇరవై చిల్లర మిగిలాయి. ఆ రోజుల్లో పారిస్ వీధులకు కాలిబాటలు దాదాపు లేవు. మురుగు నడివీధిలో పారేది, బండ్లు బురద చిమ్ముకుంటూ పోయేవి. మేడల మధ్య నుంచి ఒక వీధిలోంచి ఇంకో వీధిలోకి సందు తీసి, పైన గాజు పరిచి, రెండు పక్కలా కొట్లు కట్టి అద్దెకిచ్చారు. తర్వాత పందొమ్మిదో శతాబ్దం మధ్యలో నగరాన్ని తిరగకట్టించిన అధికారి ఓస్మాన్ వెడల్పాటి రోడ్లు వేయించాడు, పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు వచ్చాయి, జనం అటు మళ్లారు.

మధ్యాహ్నం రెండింటికి గాలరీ వివియెన్‌లో మొదలుపెట్టండి. 1823లో కట్టి, 1826లో తెరిచారు. పైకి చూసే ముందు నేల చూడమని అమ్మగారికి చెప్పండి. ఆ రంగురాళ్ల ముగ్గు ఇటలీ నుంచి వచ్చిన ఫక్కీనా అనే పనివాడిది. అక్కడే టీ తాగి కూర్చోవచ్చు. లోపల కొన్ని మెట్లు ఉన్నాయి, తొందరపడకండి. ఆనుకునే ఉన్న గాలరీ కోల్బెర్‌లో కొట్లు లేవు, ఇప్పుడది కళాచరిత్ర చదువులకు నెలవు. ద్వారం దగ్గర సంచి చూపించి లోపలికి వెళ్తే గుండ్రటి గాజు గోపురం ఉంటుంది. ఐదు నిమిషాలు చాలు.

అక్కడి నుంచి వివియెన్ వీధిలోనే పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనం పక్కగా పైకి నడిస్తే సుమారు పది నిమిషాల్లో పాసాజ్ దే పనోరమా ('పాసాజ్' అంటే ఇలాంటి సందే). నా మనసంతా అక్కడే ఉంటుంది. అందంలో వివియెన్‌దే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ పనోరమా 1800 ప్రాంతం నుంచి ఉంది. పారిస్‌లో మొట్టమొదట గ్యాసు దీపాలు వెలిగిన చోట్లలో ఇదొకటి. సందు ఇరుకు, బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి, తినుబండారాల వాసన. వాటి మధ్య తపాలా బిళ్లల కొట్లు.

మా నాన్నగారిది యానాం. 1954 దాకా అది ఫ్రెంచివారి చేతిలో ఉన్న సంగతి తెలిసిందే. ఆయన చిన్నప్పటి నుంచి ఫ్రెంచి ఇండియా బిళ్లలు సేకరించేవారు. 1914లో బ్రహ్మదేవుడి బొమ్మతో వచ్చినవి, 1923 నుంచి ధర ఫనాంలు, కాసుల్లో అచ్చువేసినవి. రూపాయికి ఎనిమిది ఫనాంలు, ఫనానికి ఇరవై నాలుగు కాసులు. ఈ లెక్క నాకు ఎక్కాల కంటే ముందు వచ్చింది. ఆయన దగ్గర లేనిదల్లా యానాం తపాలా ముద్ర స్పష్టంగా పడిన కవరు. పుదుచ్చేరి, కారైకాల్ ముద్రలు దొరికాయి గాని సొంత ఊరిది దొరకలేదు. నేను ఇక్కడికి వచ్చిన రెండో ఏడు పనోరమాలో ఒక కొట్టులో అడిగాను. ఆ పెద్దాయన మాట్లాడకుండా అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టి, మళ్లీ తన పనిలో పడిపోయాడు. గంటన్నర వెతికాను. అడుగు నుంచి మూడో కవరు మీద గుండ్రటి నల్లముద్రలో ఫ్రెంచి అక్షరాల్లో మా ఊరి పేరు. నలభై యూరోలు. నాన్నగారికి ఫోన్ చేసి కెమెరా ముందు పట్టుకుంటే, ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. ఆ కవరు ఇప్పుడు ఆయన మంచం పక్క గోడ మీద ఉంది.

అందుకే చెబుతున్నాను, అక్కడ ఫోటో తీసుకుని వచ్చేయకండి. ఏదో ఒక కొట్టులోకి వెళ్లండి, తలుపు దాటగానే 'బోంజూర్' అనండి. ఆ ఒక్క మాట అనకుండా సరుకు ముట్టుకుంటే వాళ్లకు నచ్చదు.

పనోరమా చివర పెద్ద రోడ్డు దాటితే ఎదురుగానే పాసాజ్ జుఫ్రువా. 1840లలో ఇనుము, గాజులతో కట్టినది. నేల కింద నుంచి వేడి అందేలా అప్పుడే ఏర్పాటు చేశారు. మధ్యలో సందు మలుపు తిరిగే చోట మెట్లున్నాయి, అమ్మగారి చేయి పట్టుకోండి. దాని చివర చిన్న వీధి దాటితే పాసాజ్ వెర్దో. పాత పుస్తకాలు, పటాలు, జనం తక్కువ. ఈ మూడూ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి వానలో రెండు వీధులు దాటేటప్పుడు తప్ప గొడుగు విప్పనక్కరలేదు.

కృష్ణలంక:
మీ సమాధానం నాన్నగారికి చదివి వినిపించాను. కవరు సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ఆయనకు రెండు సందేహాలు. పైన గాజు ఉంటే ఎండకు బట్టల రంగు వెలిసిపోదా? ఆ సందుల్లో ఇంకా బట్టల వ్యాపారం జరుగుతుందా? ఇంకొకటి నాది: రాత్రికి మన భోజనం ఎక్కడ దొరుకుతుంది?

వానచినుకు:
భోజనానికి పాసాజ్ బ్రాడీ. షాతో దో మెట్రో స్టేషన్ దగ్గర. 1828 నాటిది. 1850లలో కొత్త రోడ్డు వేసినప్పుడు రెండు ముక్కలైంది, గాజుకప్పు ఒక ముక్కకే ఉంది. 1970ల నుంచి పుదుచ్చేరివాళ్లతో మొదలై భారత ఉపఖండపు హోటళ్లు, సరుకుల కొట్లు వచ్చాయి. హోటళ్ల ముందు నిలబడి చేయి పట్టి పిలుస్తారు, కంగారుపడకండి. కప్పు బాగా పాతబడింది, వివియెన్ మెరుపు ఇక్కడ ఆశించవద్దు.

యానాంరేవు:
వ్యాపారి అడగవలసిన ప్రశ్న! నేను గమనించింది చెబుతాను. ఆ సందులకు రెండు పక్కలా ఎత్తయిన మేడలు. వెలుగు నిట్టనిలువునా దిగుతుంది, పైగా గాజు మసకబారి ఉంటుంది. నవంబరులోనైతే మూడు గంటలకే దీపాలు వేస్తారు. కొట్టు అద్దం మీద సూటిగా ఎండ పడటం నేను చూసింది తక్కువ.

బట్టలకైతే నాన్నగారిని పాసాజ్ దు కేర్‌కు తీసుకువెళ్లండి. 1798లో, నెపోలియన్ ఈజిప్టు మీదికి వెళ్లిన ఏడాది కట్టినది, 'కేర్' అంటే కైరో. కూడలి వైపు గోడ మీద ఈజిప్టు దేవత హాథోర్ ముఖాలు మూడు ఉంటాయి. నేను మొదట చెప్పిన దారిలో ఇది లేదు, ఎందుకంటే చూడటానికి అందంగా ఉండదు. అంతా టోకు వ్యాపారం. బట్టలు తొడిగే బొమ్మలు, హ్యాంగర్లు, కొట్టు అలంకరణ సామాను వరసగా పేర్చి ఉంటాయి. విడిగా ఒక్క చొక్కా అమ్మమన్నా చాలామంది అమ్మరు. కానీ మూటలు దించే తీరు, బిల్లు రాసే తీరు చూస్తూ ఆయన గంటసేపు నిలబడతారు. అమ్మగారిని ఈలోగా దగ్గర్లో ఒక కాఫీ హోటల్లో కూర్చోబెట్టండి. ఉదయమే వెళ్లండి.