కియారోస్కూరోకి తెలుగులో ఏమందాం?

ప్రశ్న: రినైసాన్స్ (యూరప్ పునరుజ్జీవన) కాలపు క్రైస్తవ రేఖాచిత్రాల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో మాటిమాటికీ వచ్చే కియారోస్కూరో అనే ఇటాలియన్ మాటకు 'వెలుగునీడలు' సరిపోతుందాండీ?

జవాబు: శీర్షికకు చక్కగా సరిపోతుందండీ. కియారో అంటే వెలుతురు, ఒస్కూరో అంటే చీకటి; వెలుగునూ చీకటినీ పక్కపక్కన పెట్టి బొమ్మకు ఉబ్బూ లోతూ తెచ్చే పద్ధతి అది. వ్యాసం లోపలికి వెళ్లాకే చిక్కు. నీడ అనగానే మనకు తోచేది చెట్టు నీడ, గోడ నీడ. అంటే ఒకదానివల్ల ఇంకోచోట పడేది. బొమ్మ గీసేవాళ్లకు అసలు పని ఉండేది వస్తువు మీదే, వెలుగుకు పెడగా తిరిగిన వైపున. వస్తువును అంటిపెట్టుకునే నీడ వేరు, దాన్నుంచి పుట్టి వేరేచోట పడే నీడ వేరు అని ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చీ కూడా తన రాతల్లో విడదీశాడు. మొదటిదాన్ని 'ఛాయ' అనీ రెండోదాన్ని 'నీడ' అనీ ఖాయం చేసుకుంటే మీ వ్యాసం తేటపడుతుంది.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1508లో వేసిన 'ప్రార్థించే చేతులు' ఒకసారి దగ్గరగా చూడండి. వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ వర్తకుడు హెల్లర్ చేయించిన బలిపీఠ చిత్రంలో (చర్చిలో బలిపీఠం దగ్గర నిలిపే పలకల బొమ్మ) ఒక అపొస్తలుడి కోసం ముందుగా వేసుకున్న బొమ్మ అది. కాగితానికి నీలం పూశాడు. ఛాయ కావలసినచోట కుంచెతో సన్నని బూడిదరంగు గీతలు, వెలుగు తగిలేచోట అంతే సన్నని తెల్ల గీతలు. మధ్యలో వదిలేసిన నీలమే చర్మమైంది. ఉబ్బిన నరాలు, కణుపుల మీది ముడతలు, మడిచిన చొక్కా చేతులు అన్నీ నీలం, బూడిదరంగు, తెలుపు ఈ మూడింటితోనే లేచి నిలబడ్డాయి. ముఖం లేదు, వెనక గది లేదు. అయినా ఎంత భక్తి! ఆ బలిపీఠ చిత్రం మధ్యపలక 1729లో అగ్నికి ఆహుతైపోయింది. ఈ కాగితం దక్కడం మన అదృష్టం.

వ్యాఖ్య: ఛాయ అన్నా సంస్కృతంలో నీడే కదండీ? శని శ్లోకంలో 'ఛాయామార్తాండ సంభూతం' ఉంది.

జవాబు: నిజమేనండీ, సంస్కృతంలో ఆ తేడా లేదు. తెలుగు వాడుకలో మాత్రం చామనఛాయ, పసిమి ఛాయ అంటాం, అది ఒంటిని అంటిపెట్టుకున్నదే. నేను వాడుక పక్షమే. 'ఛాయాచిత్రం' అని మాత్రం రాయకండి, అది ఫోటోకి స్థిరపడిపోయింది. మొదటిసారి వచ్చినచోట కియారోస్కూరో అని కూడా రాసి, ఛాయకీ నీడకీ తేడా ఒక వాక్యంలో చెప్పేయండి.