సమస్యాపూరణం: "రాని పత్రికనట రాత్రి చదివె"

నిర్వాహకుడు (నెల్లూరు):

ఈసారి మీరు పూరించాల్సిన సమస్యాపాదం కోసం ఎక్కడా వెతకలేదు. మన పత్రిక గురించి నాకు రోజూ వచ్చే ఫోన్లలోనే దొరికింది. "ఏందన్నా, తిక్కన సంచిక ఎప్పుడు?" అని పొద్దున ఒకరు, "పోస్టు చేశారా లేదా?" అని మధ్యాహ్నం ఇంకొకరు. మొన్న ఒక పెద్దాయన ఏకంగా లోపలి వ్యాసం బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకున్నాడు. సంచిక ఇంకా ప్రెస్సు గడప దాటలేదండీ అంటే, "మరి రాత్రి నేను చదివిందేంది?" అని నన్నే అడిగాడు. ఫోను పెట్టేసరికి పాదం పడింది:

రాని పత్రికనట రాత్రి చదివె

ఆటవెలదిలో సరిపాదం. అయిదూ మూడు మాత్రల సూర్యగణాలే, పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ రా-రా యతి. రెండో పాదంగానైనా నాలుగో పాదంగానైనా వాడుకోండి, అక్షరం మాత్రం మార్చొద్దు. బాగా పూరించినవారికి బైండింగు నుంచి వచ్చే మొదటి కాపీ.

ఒంగోలు తమ్ముడు:

సార్, "రాణి పత్రికనట" అని చదువుకుంటే చిక్కే లేదు గదా. రాణిగారు తెప్పించుకున్న పత్రికను రాజుగారు రాత్రి చదివారు.

నిర్వాహకుడు:

తాళం తీయమంటే తలుపే పీకావు నాయనా. "ని"ని "ణి" చేశాక పూరించడానికి ఏం మిగిలింది? మళ్ళీ రా.

కావలి అమ్మాయి (ఇంటర్ రెండో సంవత్సరం):

ఎదురు చూచి చూచి గుమ్మంబు నొద్దనే
కునుకు తీసె నవ్వ కుర్చిలోనె
కలను పోస్టుమాను కవరు చేతికి నీయ
రాని పత్రికనట రాత్రి చదివె

మొదటిసారి రాస్తున్నాను. తిట్టినా పర్వాలేదు గానీ తప్పేంటో చెప్పండి.

ఇందుకూరుపేట మాస్టారు:

తిట్టడానికి ఏముందమ్మా, గణాలన్నీ కుదిరాయి. మొదటి పాదంలో యతి తప్పింది. "ఎ"తో మొదలుపెట్టి నాలుగో గణం "గు"తో ఎత్తుకున్నావు, ఆ రెంటికీ పొత్తు లేదు. "ఎదురు చూచి చూచి యింటి గుమ్మము నొద్ద" అను. ఎ-యి కుదిరింది, అర్థమూ చెడలేదు. ఇంకొకటి, "పోస్టుమాను" అనగానే నాకు పోస్టాఫీసు ముందున్న చెట్టు కనబడింది. "కలను పోస్టువాడు" అంటే అవే గణాలు, ఆ మానూ పోయింది.

ఒంగోలు తమ్ముడు:

"తీసె నవ్వ" దగ్గర అవ్వ నవ్విందనుకున్నా.

ఇందుకూరుపేట మాస్టారు:

నిద్రలో నవ్వినా తప్పులేదులే. నాకు నచ్చిందేమంటే, పాదంలో ఉన్న "అట"ను ఈ పిల్ల వాడుకుంది. పొద్దున లేచి అవ్వ చెబితేనే గదా కల సంగతి ఇంట్లోవాళ్ళకు తెలిసేది! చాలామంది "అట"ను గణం నింపడానికి పెట్టిన రెండక్షరాలనుకుని వదిలేస్తారు.

గూడూరు నుంచి ఒకరు:

అచ్చు తప్పు లేరి యరుగుపై కూర్చుండి
దీప మార్పకుండ దిద్దునట్టి
ప్రూఫు చూచు తాత పూర్తిగా ముందుగా
రాని పత్రికనట రాత్రి చదివె

నిర్వాహకుడు:

ఇది చదివి కాసేపు ఊరుకున్నాను. నిజంగానే, అందరికీ "రాని పత్రిక"ను ముందే చదివేది ప్రూఫులు చూసే మనిషి ఒక్కడే. మన సంచిక 64 పేజీలు, అంటే పదహారేసి పేజీల ఫారాలు నాలుగు. మూడో ఫారం ప్రూఫు ఇప్పుడు నా బల్లమీదే ఉంది. అందులో ఒకచోట వరస చివర "తిక్క" అని ఆగి, కింది వరస "న" అని మొదలైంది. ఎర్ర సిరాతో చుట్టి, రెండూ కలపమని పక్కన రాసి పంపాను. మళ్ళీ వచ్చిన ప్రూఫులో తిక్కన కలిశాడు. ఈసారి "ఎర్ర" పైన, "న" కింద! ఆలస్యం ఎందుకని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే.

ఇందుకూరుపేట మాస్టారు:

పద్యం ధార బాగుంది. ప్రూ-పూ యతి చెవికి హాయిగా ఉంది. "పూర్తిగా ముందుగా" అని రెండు "గా"లు వెంటవెంట పడటం కొంచెం బద్ధకం. అసలు అభ్యంతరం అది కాదు. రాత్రిపూట అరుగుమీద దీపం పెట్టుకు కూర్చుంటే నెల్లూరు దోమలు ప్రూఫులు చూడనిస్తాయా?

బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒకరు:

పక్కయింటి బావ పట్టుకు పోయెను
పేరు చూడకుండ పెట్టె తెరచి
దొరికెనంచు మురిసి దొంగవలెను, మాకు
రాని పత్రికనట రాత్రి చదివె

పోయిన సంచిక సంగతి. కల్పన కాదు.

ఇందుకూరుపేట మాస్టారు:

"మాకు" అనే మాటను మూడో పాదం చివర ఉంచి "రాని"ని దానికి తగిలించడం మంచి విరుపు. పత్రిక వచ్చింది, మీకు రాలేదు, అంతే. "అట" కూడా ఇక్కడ అతికింది, ఎవరో చెబితే తెలిసిందన్నమాట. వరస మాత్రం తిరగబడింది. పెట్టె తెరిచాక గదా పట్టుకుపోవాలి! ముందు పట్టుకుపోయి తరవాత తెరిచాడు మీ బావ.

అదే ఊరి నుంచి ఇంకొకరు:

ఆ బావను నేనే. పేరు చూశాను. చదివి ఇచ్చేద్దామనుకున్నాను, మా ఇంట్లో వాళ్ళు చదువుతున్నారు.

కందుకూరు అక్కయ్య:

తిక్కనార్యు పలుకు తేటగా నచ్చైన
పుటలు తిప్పు కొలది పులక లెత్త
నిదుర మాని మామ నిమిషమేని విడువ
రాని పత్రికనట రాత్రి చదివె

ఇందుకూరుపేట మాస్టారు:

ఇదమ్మా పూరణమంటే! "విడువ" పైపాదంలో, "రాని" కిందిపాదంలో. రెంటినీ కలిపి చదివితే ఒక్క క్షణం కూడా చేతిలోంచి విడువలేని పత్రిక అయింది. సమస్యలో ఒక్క అక్షరం కదలలేదు, అర్థం మాత్రం బోర్లాపడింది. రాలేదన్న నింద కాస్తా మెచ్చుకోలుగా మారింది. లోపం వెతకాలని రెండుసార్లు చదివాను. "తేటగా నచ్చైన" దగ్గర "నచ్చిన" అని పొరబడే వీలుంది, అంతకుమించి దొరకలేదు.

ఒంగోలు తమ్ముడు:

ప్రూఫులో మాట విరిగితే ఎర్ర సిరా, పద్యంలో విరిగితే బహుమతా సార్?

నిర్వాహకుడు:

మంచి ప్రశ్న, నీ రాణిని క్షమించాను. విరిచిన చోట కొత్త అర్థం పుడితే బహుమతి, "తిక్క" మిగిలితే సిరా.

సందర్భం వచ్చింది గనక రాబోయే సంచికలో ఉన్న ఒక వ్యాసం గురించి కొంచెం చెప్పేస్తాను. తెలుగు భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర నన్నయ ఆగిపోయాడు. మన తిక్కన మిగిలిన అరణ్యపర్వం జోలికి పోకుండా విరాటపర్వంతో ఎత్తుకుని పదిహేను పర్వాలు రాశాడు. నడుమ ఖాళీ అలాగే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన దాన్ని పూరించాడు. అదీ తన పేరుతో కాదు, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికి అంకితంగా. నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఎర్రన తెల్లవారడంతో మొదలుపెట్టాడు. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చకూడదని మనం పెట్టుకున్న నియమం ఆయన ఆ మిగిలిన పర్వం పొడుగునా పాటించాడు. అది అద్దంకి కొలువులోని మనిషి చేసిన పని అని ఒంగోలు తమ్ముడు గర్వపడొచ్చు. మిగతాది అచ్చులోనే చదువుకోండి.

మొదటి కాపీ కందుకూరు అక్కయ్యకు. కావలి అమ్మాయి పద్యం దిద్దిన రూపంలో చివరి పేజీలో వేస్తాం, ఇంకా ఆ ఫారం ప్లేటుకు పోలేదు.

బుచ్చిరెడ్డిపాలెం బావ:

వచ్చే వారం కందుకూరులో పెళ్ళికి పోతున్నా. ఆ కాపీ నా చేతికివ్వండి, అక్కయ్యకు నేనే అందిస్తా.

కందుకూరు అక్కయ్య:

వద్దన్నా. పోస్టులోనే పంపించమనండి.