మాల్దీవులలో దంపతుల విడిది: నీటి మీది విల్లానా, ఒడ్డున విల్లానా?

ప్రశ్న (సైనిక్‌పురి నుంచి)

వచ్చే జూన్‌లో మా పెళ్లయి ఇరవై అయిదేళ్లు నిండుతాయి. పిల్లలిద్దరూ చదువుల కోసం దూరాన ఉన్నారు కనుక, ఈసారి మేమిద్దరమే మాల్దీవులలో ఒక మంచి రిసార్టులో నాలుగు రాత్రులు గడపాలని అనుకుంటున్నాము. అమీర్‌పేటలోని ట్రావెల్ ఏజెంటు రెండు ప్యాకేజీలు చూపించారు. ఒకటి ఉదయం ఫలహారం, రాత్రి భోజనంతో నీటి మీది విల్లా. రెండోది మూడు పూటలా భోజనం, పానీయాలు అన్నీ కలిపి ఒడ్డున విల్లా. మా శ్రీమతికి ఈత రాదు, పైగా శాకాహారి. వానల కాలంలో అంత డబ్బు పెట్టి వెళ్లడం తగునా, రెండింటిలో ఏది మేలు, చెప్పిన ధర మీద ఇంకా ఏమేమి పడతాయి అన్నవి నా సందేహాలు.

జవాబు 1 (మియాపూర్ నుంచి)

ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. విల్లా ఫొటోలు పక్కన పెట్టి, మీ శ్రీమతి గారికి ఈత రాదన్న విషయాన్ని బట్టే దీవిని ఎంచుకోండి. నీటి మీది విల్లాలన్నీ ఒక్క తీరుగా ఉండవు: కొన్ని నడుము లోతు నీళ్లున్న ఇసుక లాగూన్‌లో (పగడపు దిబ్బల లోపలి నిలకడైన నీటి మడుగులో) ఉంటాయి, మరికొన్ని పగడపు దిబ్బ అంచున ఉండి, మెట్లు దిగగానే లోతూ ప్రవాహమూ ఎదురవుతాయి. మేము దిగినది మొదటి రకం. డెక్ మీది నుంచి నీళ్లలోకి వేసిన చెక్కమెట్లలో కింది రెండింటికి పాచి పట్టి జారేది కనుక, నేను రెండు చేతులా కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగేదాన్ని. కాలు మోపితే మెత్తటి ఇసుక. నాకూ ఈత రాదు. అయినా లైఫ్ జాకెట్ తొడుక్కుని, ముఖం నీళ్లలో ఉంచి గొట్టంతో ఊపిరి పీల్చుకునే స్నార్కెల్ మాస్కు పెట్టుకుని, మా వారి చెయ్యి పట్టుకుని చాలాసేపు తేలుతూ ఉండేదాన్ని. చారల చేపలు వేళ్ల దాకా వచ్చి చూసి వెళ్లేవి. ఇన్నేళ్ల సంసారంలో మేమిద్దరం అంత తీరిగ్గా పక్కపక్కన గడిపిన సందర్భం మరొకటి గుర్తు లేదు.

మే నుంచి అక్టోబరు దాకా అక్కడ నైరుతి రుతుపవనాల కాలం. వాన రోజంతా పట్టుకుని ఉండడం తక్కువే కానీ, గాలికి ఎదురుగా ఉండే పడమటి వైపు సముద్రం పోటెత్తుతుంది. సూర్యాస్తమయం కనిపించే విల్లాలు ఉండేది సరిగ్గా ఆ వైపే. జూన్‌లో వెళ్తున్నారు కనుక తూర్పు వైపు విల్లా అడగండి. నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, చాలా చోట్ల ధర కూడా కొంత తక్కువ. వీలైతే రెండు రాత్రులు ఒడ్డున, రెండు రాత్రులు నీటి మీద ఉండేలా బుక్ చేయమనండి. సామాను వాళ్లే మారుస్తారు. మీకు ఈత వస్తే మాత్రం బా అటోల్ (అటోల్ అంటే వలయంగా ఉండే పగడపు దీవుల సమూహం) వైపు రిసార్టులను కూడా పరిశీలించండి. 2011లో యునెస్కో జీవావరణ మండలంగా గుర్తించిన ఆ ప్రాంతంలోని హనిఫారు బే దగ్గరకు ఈ వానకాలంలోనే మాంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు గుంపులుగా వస్తాయి.

జవాబు 2 (హిమాయత్‌నగర్ నుంచి)

ఖర్చుల సంగతి చెబుతాను. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే పన్నులు అందులో లేవని అర్థం. సేవా రుసుము 10 శాతం, దానితో కలిపిన మొత్తం మీద పర్యాటక జీఎస్టీ. ఇది 2025 జులై నుంచి 17 శాతం. అంటే 1000 డాలర్ల గది 1287 డాలర్లు అవుతుంది. ఆపైన రిసార్టులలో మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్, అంటే మీ ఇద్దరికీ నాలుగు రాత్రులకు 96 డాలర్లు.

అసలు బరువు రవాణాది. దూరపు దీవులకు సీప్లేన్‌లో (నీటి మీద దిగే చిన్న విమానంలో) రాను పోను మనిషికి నాలుగైదు వందల డాలర్లు కావచ్చు, అదీ పగటి పూట మాత్రమే ఎగురుతుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు మీదుగానో కొచ్చి మీదుగానో సాయంత్రానికి రాజధాని మాలే చేరితే, ఆ రాత్రి దగ్గరలో ఎక్కడో బస చేయవలసి వస్తుంది, ఖరీదైన విల్లాలో ఒక రాత్రి వృథా అవుతుంది. నాలుగు రాత్రుల ప్రయాణానికి ఉత్తర మాలే లేదా దక్షిణ మాలే అటోల్‌లో, స్పీడ్‌బోటులో చేరగలిగిన రిసార్టే తగినదని నా అభిప్రాయం.

జవాబు 3 (వనస్థలిపురం నుంచి)

మద్యం తీసుకునే అలవాటు లేకపోతే అన్నీ కలిపిన ప్యాకేజీకి అంత పెట్టనవసరం లేదు. ధరలో పెద్ద తేడా మద్యం వల్లే వస్తుంది. అక్కడి వంటలో ట్యూనా చేప విరివిగా వాడతారు. చూడటానికి కొబ్బరి కోరులా కనిపించే మాస్ హుని అనే ఉదయపు వంటకంలో కూడా అది ఉంటుంది. చేప, గుడ్డు రెండూ తినరని, పప్పు, అన్నం, పెరుగు కావాలని ముందుగానే ఈమెయిల్ రాయించండి. ఆ ఉత్తరం నకలు మీ దగ్గర పెట్టుకుని, చేరిన రోజే వంటవారిని కలిసి మాట్లాడితే మంచిది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఏజెంటు చూపించిన నీటి మీది విల్లా పడమటి వైపుదేనని, అక్కడికి సీప్లేన్‌లో వెళ్లాలని ఇప్పుడే ఫోనులో తెలిసింది, కనుక ఆ ప్యాకేజీ వదిలేస్తున్నాము. దక్షిణ మాలే అటోల్‌లో రెండు రాత్రులు ఒడ్డున, రెండు రాత్రులు నీటి మీద ఉండేలా కొత్త ధర అడిగాను. విల్లా కింద నీళ్ల లోతు ఎంతో రిసార్టు నుంచే రాతపూర్వకంగా తెప్పించమని కూడా చెప్పాను.