7జెడ్: పాస్‌వర్డ్ పెట్టినా ఫైల్ పేర్లు కనిపిస్తున్నాయి, ఒక ఆప్షన్ చేత్తో కొడితే ఎర్రర్

ప్రశ్న

లినక్స్‌లో 7జెడ్‌తో (ఫైళ్లను కుదించి ఆర్కైవ్ అనే ఒకే ఫైల్‌గా కట్టే ప్రోగ్రామ్) డాక్స్ అనే ఫోల్డర్ బ్యాకప్ తీస్తున్నాను. ఆప్షన్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.

7జెడ్ ఏ -ఆర్ -ఎమ్‌ఎక్స్=9 -పీరహస్యం -ఎక్స్‌ఆర్!క్యాష్ బ్యాకప్.7జెడ్ డాక్స్

ఇందులో 'ఏ' అంటే కలపమని, -ఎమ్‌ఎక్స్=9 అంటే గరిష్ఠంగా కుదించమని, -పీ అంటే పాస్‌వర్డ్, -ఎక్స్‌ఆర్! అంటే ఆ పేరున్నవి వదిలేయమని. ఇదే లైను స్క్రిప్ట్‌లో నడుస్తుంది, టెర్మినల్‌లో కొడితే "ఈవెంట్ నాట్ ఫౌండ్" అంటుంది. పాస్‌వర్డ్ ఇచ్చినా 'ఎల్' కమాండ్‌తో ఎవరైనా ఫైల్ పేర్లన్నీ చూడగలుగుతున్నారు. 'ఈ' కమాండ్‌తో విప్పితే సబ్‌ఫోల్డర్లు పోయి ఫైళ్లన్నీ ఒకేచోట పడుతున్నాయి. పైగా డాక్స్‌లోంచి ఎప్పుడో తీసేసిన ఫైళ్లు ఆర్కైవ్‌లో ఇంకా ఉన్నాయి. ఎక్కడ తప్పుతోంది?

జవాబు 1

మొదటిది 7జెడ్ తప్పు కాదండీ, బాష్‌ది (టెర్మినల్‌లో కమాండ్లు చదివి నడిపే షెల్). చేత్తో టైప్ చేసేటప్పుడు ఆశ్చర్యార్థకం కనిపిస్తే బాష్ దాన్ని పాత కమాండ్‌ను వెతకమన్నట్టుగా తీసుకుంటుంది. "క్యాష్"తో మొదలయ్యే పాత కమాండ్ దొరకలేదు కాబట్టి ఆ ఎర్రర్. స్క్రిప్ట్‌లో ఈ హిస్టరీ సదుపాయం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అందుకే అక్కడ నడుస్తోంది. మొత్తం ఆప్షన్‌ను సింగిల్ కోట్స్‌లో పెట్టండి: '-ఎక్స్‌ఆర్!క్యాష్'. డబుల్ కోట్స్ పెడితే సరిపోదు, వాటి లోపల కూడా బాష్ ఆ గుర్తును పట్టుకుంటుంది.

ఎర్రర్ రావడం మీ అదృష్టమే. కోట్స్ లేకుండా -ఎక్స్‌ఆర్!*.లాగ్ అని రాసి ఉంటే ఏ ఎర్రరూ లేకుండా అంతకు ముందు కమాండ్‌కి ఇచ్చిన పదాలన్నీ అక్కడ వచ్చి చేరేవి.

విప్పడానికి 'ఈ' బదులు 'ఎక్స్' వాడండి. 'ఈ' దారులను వదిలేసి ఫైళ్లను మాత్రమే తీస్తుంది, 'ఎక్స్' ఫోల్డర్ల అమరికతో సహా తీస్తుంది. వేరే చోటికి విప్పాలంటే -ఓ తర్వాత ఖాళీ లేకుండా దారి రాయాలి: -ఓఫలితం. మధ్యలో స్పేస్ పడితే కమాండ్ లైన్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.

జవాబు 2

పేర్ల సంగతి: -పీ ఫైళ్ల లోపలి డేటాను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పేర్లు, సైజులు, తేదీలు ఆర్కైవ్ హెడర్‌లో (లోపల ఏమున్నాయో చెప్పే సూచికలో) ఉంటాయి. దాన్నీ దాచాలంటే -ఎమ్‌హెచ్‌ఈ=ఆన్ కలపాలి, అప్పుడు 'ఎల్' కొట్టినా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది 7జెడ్ ఫార్మాట్‌లోనే కుదురుతుంది, జిప్‌లో పేర్లు దాచే వీలు లేదు. పాత ఫైల్ మీదే మళ్లీ నడపకండి, కొత్త పేరుతో మొదటి నుంచి తీయండి.

పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాస్తే అది షెల్ హిస్టరీలో మిగిలిపోతుంది. అది నడుస్తున్నంతసేపూ మెషీన్‌లోని మిగతా యూజర్లకు పీఎస్‌లోనూ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే కమాండ్) కనిపించవచ్చు. ఉత్త -పీ రాసి వదిలేయండి, అదే అడుగుతుంది. ఇక్కడా స్పేస్‌తో జాగ్రత్త. "-పీ రహస్యం బ్యాకప్.7జెడ్ డాక్స్" అని విడగొట్టి రాస్తే 'రహస్యం' ఆర్కైవ్ పేరైపోతుంది. పాస్‌వర్డే పేరుగా ఒక ఫైల్ డిస్క్ మీద కూర్చుంటుంది!

జవాబు 3

-ఆర్ గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని తీసేయండి. ఫోల్డర్ పేరు ఇస్తే లోపలివన్నీ ఎలాగూ వస్తాయి. -ఆర్ పెడితే ఆ పేరుతో కింది ఫోల్డర్లలో ఎక్కడెక్కడ ఏమున్నా వెతికి తెచ్చి కలుపుతుంది. పీ7జిప్ (లినక్స్‌లో వాడే 7జెడ్ ప్యాకేజీ) మాన్యువల్ పేజీలోనే దీన్ని వాడొద్దన్న హెచ్చరిక ఉంది. -ఎక్స్‌ఆర్‌లోని ఆర్ వేరు, అది ఉండాలి. అది లేకుండా -ఎక్స్!క్యాష్ అంటే పై స్థాయిలోని క్యాష్ మాత్రమే పోతుంది, డాక్స్ లోపలిది మిగులుతుంది.

తీసేసిన ఫైళ్లు పోకపోవడానికి కారణం 'ఏ' కమాండ్ పాత ఆర్కైవ్‌ను చెరిపి రాయదు, దానికి కలుపుతుంది. రెండూ సమానంగా ఉండాలంటే:

7జెడ్ యూ -యూక్యూ0 బ్యాకప్.7జెడ్ డాక్స్

ఇక్కడ క్యూ అంటే ఆర్కైవ్‌లో ఉండి డిస్క్‌లో లేనిది, 0 అంటే దాన్ని వదిలెయ్ అని. డిస్క్‌లో పొరపాటున చెరిపిన ఫైల్ కూడా దీంతో ఆర్కైవ్‌లోంచి పోతుంది. అందుకే తేదీ పేరుతో ప్రతిసారీ కొత్త ఆర్కైవ్ తీయడమే నాకు మేలనిపిస్తుంది.

ఇంకొకటి, లినక్స్‌లో 7జెడ్ ఫైల్ ఓనర్‌ను, గ్రూప్‌ను ఆర్కైవ్‌లో నమోదు చేయదు. సొంత డాక్యుమెంట్లకు పర్వాలేదు. సిస్టమ్ ఫోల్డర్లైతే ముందు టార్‌లో (ఆ వివరాలతో సహా ఫైళ్లను ఒకటిగా కట్టే ప్రోగ్రామ్) కట్టి పైప్‌లో పంపండి:

టార్ సీఎఫ్ - డాక్స్ | 7జెడ్ ఏ -ఎస్‌ఐ బ్యాకప్.టార్.7జెడ్

ప్రశ్న అడిగినవారు

కొత్తగా తీశాను, పేర్లు దాగాయి, 'ఎక్స్'తో ఫోల్డర్లూ సరిగా వచ్చాయి. ధన్యవాదాలు. తక్కువ ర్యామ్ ఉన్న ఇంకో మెషీన్‌లో మాత్రం ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) 8తో ఆగుతోంది.

జవాబు 2

8 అంటే మెమరీ చాలలేదని. -ఎమ్‌ఎక్స్=9 వల్ల డిక్షనరీ (కుదించేటప్పుడు వెనక్కి చూసే డేటా పరిమాణం) వెర్షన్‌ను బట్టి 64 ఎంబీ లేదా ఇంకా ఎక్కువ అవుతుంది. కుదించేటప్పుడు దానికి పది రెట్లకు పైగా ర్యామ్ కావాలి, థ్రెడ్లు పెరిగితే ఇంకా పెరుగుతుంది. డిక్షనరీని 16 ఎంబీకి, థ్రెడ్లను ఒకటికి తగ్గించే -ఎమ్‌డీ=16ఎమ్ -ఎమ్‌ఎమ్‌టీ=1 పెట్టి చూడండి. ఫోటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి, వాటికి 9 వల్ల ఒరిగేదేమీ లేదు, -ఎమ్‌ఎక్స్=0 చాలు.

స్క్రిప్ట్‌లో 0 కాని ప్రతి కోడ్‌నూ పట్టుకోండి. 1 అంటే హెచ్చరిక, ఆర్కైవ్ తయారవుతుంది కానీ వేరే ప్రోగ్రామ్ లాక్ చేసిన ఫైల్ ఏదో అందులోకి రాలేదని అర్థం కావచ్చు. 2 పెద్ద తప్పు, 7 కమాండ్ రాయడంలో తప్పు. పాతది చెరిపే ముందు కొత్తదాని మీద ఆర్కైవ్‌ను పరీక్షించే '7జెడ్ టీ' నడిపి, అది కూడా 0 ఇస్తేనే చెరపండి.