అప్‌డేట్: వార్నింగ్ లేకుండా టెస్టర్ అకౌంట్ ఆపేశారని అడిగాను కదా

ముందు ఒక్క మాట కూడా చెప్పకుండా యాప్‌లలో బగ్‌లు (తప్పులు) వెతికి రిపోర్టు చేసే ప్లాట్‌ఫామ్‌లో నా ఫ్రీలాన్స్ టెస్టింగ్ అకౌంట్ ఆపేశారు, ఏం చేయాలని అడిగాను కదా. అకౌంట్ తిరిగొచ్చింది.

మీరన్నట్టే గోడు వెళ్లబోసుకోకుండా ప్లాట్‌ఫామ్ వాళ్లను సూటిగా అడిగాను: ఏ రూల్ కింద, ఏ రిపోర్టుల వల్ల? వాళ్లు నాణ్యత లేదన్నవన్నీ డూప్లికేట్లేనట. అందులో ఒకటి, నెట్ స్లోగా ఉన్నప్పుడు పే బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అయ్యే బగ్. ఇంకో టెస్టర్ నాకంటే కాస్త ముందు పెట్టాడట. నేను రాసేటప్పటికి అప్పటికే వచ్చిన బగ్‌ల లిస్టులో అది లేనే లేదు. టైమ్ కనిపించే స్క్రీన్‌షాట్ పంపాక మెత్తబడ్డారు.

రేటింగ్ మాత్రం పోయింది పోయినట్టే. ఇకపై ముందు వార్నింగ్ ఇస్తామన్నారు; అదే పాలసీలో రాయమంటే మాట దాటేశారు. క్లయింట్ యాప్ స్క్రీన్లు బయటపెట్టినవాళ్లను అప్పటికప్పుడు ఆపేయండి, కాదనను. డూప్లికేట్‌కీ అదే శిక్షా?

యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ప్లాట్‌ఫామ్ వర్క్ డైరెక్టివ్ (ఇలాంటి ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌ల ద్వారా పనిచేసేవాళ్ల కోసం తెచ్చిన చట్టం) ప్రకారం ఆటోమేటిక్ సిస్టమ్ ద్వారా గానీ దాని సాయంతో గానీ అకౌంట్ ఆపితే కారణం రాసివ్వాలి, సమీక్ష కోరితే రెండు వారాల్లో జవాబివ్వాలి. ఫ్రీలాన్సర్లకూ ఇది వర్తిస్తుంది, కానీ అక్కడ చేసే పనికే. గుంటూరులో కూర్చున్న నాకు ఒరిగేదేం లేదు. ఈలోపు ఇంకో చోట కూడా రిజిస్టర్ చేసుకున్నాను.