సోబ్రావ్ పడవల వంతెన: తేజ్ సింగ్ తెంచాడా, దానంతటదే తెగిందా?

తోపుఖానా:
1846 ఫిబ్రవరి 10న సట్లెజ్ ఎడమ గట్టున, సోబ్రావ్ దగ్గర, ఇంగ్లీషు కంపెనీతో మొదటి యుద్ధంలో ఖాల్సా సైన్యం (లాహోర్ దర్బారు సిక్కు సైన్యం) నదిని వీపుకు ఆనించుకుని మట్టికట్టల వెనక నిలబడింది. వెనక్కి దారి ఒక్కటే, పడవల వంతెన. అది తెగింది. 8 నుంచి 10 వేల మంది పోయారు, చాలామంది నీళ్లలోనే. సేనాపతి తేజ్ సింగ్ ముందే దాటేసి మధ్యలో పడవ తీయించాడన్నది అందరూ చెప్పే మాట. నాకు నమ్మకం కుదరడం లేదు.

పడవల వంతెన ఎలా నిలబడుతుందో చూడండి. ప్రతి పడవ ముక్కూ ఎగువకు ఉంటుంది, లంగరు తాడు దాన్ని పట్టి ఉంచుతుంది. నీరు పెరిగితే తాడు వదులుతూ పోవాలి. వదలకపోతే తాడు ముక్కును కిందికి గుంజి పడవలోకి నీళ్లెక్కుతాయి. గట్టు దగ్గర దిగుడుబాట కూడా కోసుకుపోతుంది. యుద్ధానికి ముందు వానలకు నది పొంగిందని ఇరుపక్షాలూ ఒప్పుకున్నదే. అలాంటి వంతెన మీదికి తోపుబండ్లు, ఎద్దులు, గాయపడ్డవాళ్లు ఒక్కసారిగా ఎక్కితే లంగర్లు జారతాయి. ఒక్క పడవ మూడడుగులు పక్కకు జరిగితే చాలు, పలకలు ఊడిపోతాయి. దీనికి ద్రోహి అక్కర్లేదు.

సట్లెజ్_గట్టు:
ఇంజనీరింగ్ పాఠం బాగుంది. లెక్కలో మనిషి ఒక్కడే తగ్గాడు.

సోబ్రావ్ ఒక్కటే పట్టుకోకండి. 1845 డిసెంబర్ 11న సిక్కులు నది దాటారు. ఫిరోజ్‌పూర్‌లో బ్రిటిష్ జనరల్ లిట్లర్ దగ్గర ఉన్నది ఏడు వేల మంది. వాళ్లను చుట్టేసి ఉంటే అక్కడే సగం పని అయ్యేది. తేజ్ సింగ్ కదలలేదు. 18న ముద్కీలో వజీర్ లాల్ సింగ్ పోరు మొదలవగానే తప్పుకున్నాడు. 21న లిట్లర్ ఫిరోజ్‌పూర్ నుంచి బయటపడి బ్రిటిష్ సేనాపతి గఫ్‌తో కలిసేదాకా తేజ్ సింగ్ కాపలా నిద్రపోయింది. 22 పొద్దున ఫిరోజ్‌షా దగ్గరికి తాజా సైన్యంతో వచ్చేసరికి గఫ్ తోపుల్లో మందు అయిపోవచ్చింది, మనుషులు రాత్రంతా చలిలో నీళ్లు లేక పడి ఉన్నారు. కాసేపు తోపులు పేల్చి వెనక్కి తిరిగాడు. ఇన్ని చోట్ల లంగరు జారిందా?

పాతనాణెం:
1849లో పుస్తకం వేసి, లాహోర్ పెద్దలకూ ఇంగ్లీషువాళ్లకూ మధ్య లోపాయికారీ ఒప్పందం ఉందని రాసినందుకు బ్రిటిష్ అధికారి కనింగ్‌హామ్ రాజకీయ ఉద్యోగం ఊడింది. మనవాళ్లు అల్లిన కథ కాదది.

తోపుఖానా:
22వ తేదీ సంగతి పూర్తిగా చెప్పండి మరి. సరిగ్గా ఆ సమయంలోనే మతి చలించిన ఒక స్టాఫ్ అధికారి మాట మీద బ్రిటిష్ అశ్వికదళం, కొన్ని తోపులు ఫిరోజ్‌పూర్ వైపు కదిలాయి. ఎదుటివైపు నుంచి చూసేవాడికి అది తన వెనకదారి కొయ్యడానికి చుట్టి వస్తున్నట్టే కనబడుతుంది. ఎవడైనా వెనక్కి తగ్గుతాడు.

సోబ్రావ్‌లో సిక్కుల కుడి కొస బలహీనమని ద్రోహులే చెప్పారన్న మాటకూ ఇదే జవాబు. ఆ మట్టికట్టల పటం లాల్ సింగే పంపాడంటారు. పటం ఎందుకండీ? అక్కడ నేల వదులు ఇసుక. పొడి ఇసుక ఏటవాలుగా జారుతుంది తప్ప నిటారుగా నిలవదు, ఎత్తు గోడ లేవదు. బరువు తోపు పెడితే పేలినప్పుడల్లా వెనక్కి తన్ని బండి ఇసుకలో దిగబడుతుంది. అందుకే అక్కడ ఒంటెల మీది చిన్న తోపులతో, జంబూరక్‌లతో, సరిపెట్టారు. దూరదర్శినితో చూసిన ఏ అధికారికైనా అర్థమవుతుంది. గఫ్ తన ప్రధాన దెబ్బ అక్కడే వేశాడు, డిక్ దళంతో. డిక్ కూడా చచ్చాడు, అది వేరే సంగతి.

సట్లెజ్_గట్టు:
ప్రతి ద్రోహానికీ మీ దగ్గర ఒక ఇసుక కుప్ప ఉంటుంది. గోల్కొండ చర్చలోనూ ఇదే వరస. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత అబ్దుల్లా పానీ అనే సర్దారు దిడ్డి తలుపు తీశాడని నేనంటే, కోటలో గింజలెన్ని అని లెక్క తీసి చర్చ మూయించారు. గింజలు తలుపు తీయవు.

బురుజు_మీద_కాకి:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

తోపుఖానా:
మూయించింది నేను కాదు, నిర్వాహకులు. సరే, ద్రోహులు లేని యుద్ధమే చూద్దాం. రెండో యుద్ధంలో సిక్కుల నాయకుడు షేర్ సింగ్ అటారీవాలాను ఎవరూ ద్రోహి అనలేదు. 1849 జనవరి 13న చిలియన్‌వాలాలో కంపెనీకి రెండు వేలు దాటిన నష్టం. అయినా ఫిబ్రవరి 21న గుజ్రాత్‌లో (రాష్ట్రం కాదు, పంజాబ్‌లో ఊరు) అంతా ముగిసింది. ఎందుకు? గఫ్ ఈసారి సుమారు వంద తోపులు తెచ్చి, రెండు మూడు గంటలు సిక్కుల అరవై తోపుల మీదే కాల్చి, అవి ఆగాక పదాతిని పంపాడు. సోబ్రావ్‌లో రెండు గంటలకే అతని బరువు తోపుల మందు అయిపోయింది. తేడా అక్కడుంది.

సట్లెజ్_గట్టు:
ఆ అరవై ఎందుకు అరవై అయ్యాయి? మొదటి యుద్ధంలో పోయినవి, లాహోర్ సంధిలో ఇచ్చేసిన 36 కలిపితే 250 దాటుతాయి. మొదటి ద్రోహానికి రెండో యుద్ధంలో బిల్లు కట్టారు. దాన్నే తెచ్చి నాకు సాక్ష్యంగా చూపిస్తారా!

ఇంకోటి చెప్పండి. సోబ్రావ్‌కు ముందు ఢిల్లీ నుంచి గఫ్ బరువు తోపులు ఎద్దుబండ్ల మీద వారాల తరబడి వచ్చాయి. 1846 జనవరి 21న బద్దోవాల్ దగ్గర సిక్కు సర్దారు రంజోధ్ సింగ్ బ్రిటిష్ జనరల్ స్మిత్ సామాను బండ్లను పట్టుకుని చూపించాడు కూడా. అయినా ఆ తోపుల వరసను ఆపమని సోబ్రావ్ నుంచి ఎవరూ కదల్లేదు. దీనికేం ఇసుక చెప్తారు?

తోపుఖానా:
చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఎవరు పంపాలి? దళం దళానికీ పంచ్‌లు, అంటే సైనికులు ఎన్నుకున్న ప్రతినిధులు. ఎక్కడికి వెళ్లాలో వాళ్లు కూర్చుని తేల్చాలి. కంపెనీ సిపాయికి నెలకు 7 రూపాయలైతే లాహోర్ సైనికుడికి 12 దాటించుకున్నారు, వజీర్ జవాహర్ సింగ్‌ను 1845 సెప్టెంబర్ 21న ఏనుగు మీద ఉండగానే చంపారు. అలాంటి సైన్యానికి సేనాపతి ఎవడు? ఆజ్ఞ ఇచ్చేవాడి తల రేపుంటుందో లేదో తెలియని చోట ఎవడూ ఆజ్ఞ ఇవ్వడు. రంజిత్ సింగ్ పోయిన 1839 నుంచి ఆరేళ్లలో ఆ సైన్యాన్ని పాడు చేసింది పంచాయతీ. తేజ్ సింగ్ ఒక వంక.

సట్లెజ్_గట్టు:
ఇప్పుడు బయటపడ్డారు. మీ బాధ వంతెన కాదు, సిపాయి నోరు తెరవడం.

ద్రోహం అన్న మాట మనిద్దరం వేరే అర్థంలో వాడుతున్నాం. మీకు రాజ్యమంటే దర్బారు. ఆ సైనికులు తమను సర్బత్ ఖాల్సా (మొత్తం సిక్కు సమాజం) అనుకున్నారు, రాజ్యం తమదే అనుకున్నారు. దర్బారేమో ఈ సైన్యం సట్లెజ్ అవతల చస్తే పీడ విరగడవుతుందనుకుంది. ఓటు వేసిన పంచ్‌లు తోపుల దగ్గరే చచ్చారు. వాళ్లతోపాటు షామ్ సింగ్ అటారీవాలా తెల్లబట్టలు కట్టుకుని చచ్చాడు. తేజ్ సింగ్ 1847లో సియాల్‌కోట్ రాజా అయ్యాడు. ఎనిమిదేళ్ల మహారాజు దలీప్ సింగ్ వాడి నుదుట బొట్టు పెట్టనన్నాడు.

పాతనాణెం:
లాల్ సింగ్‌ను మాత్రం 1846 డిసెంబర్‌లోనే ఇంగ్లీషువాళ్లు దించారు. కశ్మీర్ గులాబ్ సింగ్ చేతికి పోకుండా లోపల్లోపల కబురు పంపాడని. ఇద్దరికీ పని చేశాడు మహానుభావుడు.

తోపుఖానా:
పంచ్‌లు ధైర్యంగా చచ్చారని నేను కాదనలేదు. చావడం వేరు, యుద్ధం నడపడం వేరు. అంత తెలివైన పంచ్‌లైతే, సొంత మనుషుల్ని నలుగురిని వంతెన మీద కాపలా పెట్టుకోలేదేం?

సట్లెజ్_గట్టు:
సేనాపతి మనవాడేనని నమ్మారు గనక.